ఆడపిల్లకు పంతులమ్మ కావాలి, పంతులమ్మకు బస్సు కావాలి

నెల్లూరు తీరంలోని ప్రాథమిక పాఠశాలల్లో హాజరుపట్టీ తీసి చూస్తే ఆడపిల్లల పేర్లు మగపిల్లల పేర్లకు ఇంచుమించు దీటుగానే కనిపిస్తాయి. ఒకప్పటి మాట వేరు. ఆడపిల్లను బడిలో వేయమని అయ్యవార్లు ఇల్లిల్లూ తిరిగి, అరుగుల మీద కూర్చుని పెద్దలను బతిమాలిన రోజులు ఈ ప్రాంతంలోని ముసలివారికి ఇంకా జ్ఞాపకమే. ఇప్పుడు తల్లులే చేయి పట్టుకుని తెచ్చి చేర్పిస్తున్నారు. మధ్యాహ్న భోజనం వున్నది. పుస్తకాలు, దుస్తులు ఇస్తున్నారు. 2020లో అమ్మ ఒడి పేరుతోను, 2025లో తల్లికి వందనం పేరుతోను తల్లుల బ్యాంకు ఖాతాల్లో డబ్బు పడింది. పేరు రాయించే ఘట్టం దాదాపుగా ముగిసినట్టే.

పేరు రాయించిన పిల్ల ఏమి నేర్చుకుంటున్నది, ఎన్నో తరగతి దాకా నిలుస్తున్నది అనే సంగతులు మాత్రం హాజరుపట్టీలో వుండవు. వాటిని అడిగేవారు తక్కువ. అడిగిన కొద్దిమందిలో ఒకరు ఎక్కడో అమెరికాలో పనిచేసే ఆచార్యుడు కావడం కొంత చిత్రమే.

శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడైన కార్తిక్ మురళీధరన్ 2005 నుంచి కొన్నేళ్ళపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పల్లె బడుల మీద పరిశోధన సాగించారు. అర్థశాస్త్రమంటే బ్యాంకులు, బడ్జెట్లు అని మనవారి అభిప్రాయం. ఆయన పట్టుకున్నది మాత్రం ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లల పలకలను. 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ పాఠశాలలను ఎంచుకుని, ఏటేటా పిల్లలకు లెక్కల్లోను, తెలుగులోను పరీక్షలు పెట్టి, ఆ మార్కులన్నీ పోగుచేశారు. ఆ లెక్కల నుంచి ఎన్నో పత్రాలు వచ్చాయి. అయ్యవార్లకు పిల్లల మార్కులను బట్టి బహుమానం ఇస్తే చదువు పెరుగుతుందా అనేది వాటిలో పేరుపడినది. కేత్కీ సేఠ్ అనే పరిశోధకురాలితో కలిసి ఆయన రాసి 2016లో అచ్చువేసిన పత్రానికి అంత పేరు రాలేదు. మన తీరానికి కావలసింది ఈ రెండవదే.

అందులో ప్రశ్న సాదా ప్రశ్న. ఆడపిల్లలకు ఆడ టీచరు చెబితే చదువు ఎక్కువ వస్తుందా? వస్తుందని కమిటీలు ఏనాటి నుంచో రాస్తూనే వున్నాయి. లెక్క కట్టి చూసినవారు అరుదు. వీరు చూసిన విధం కూడా పల్లెటూరి వారికి అర్థమయ్యేదే. అదే బడి, అదే తరగతి. ఒక ఏడు అయ్యవారు చెప్పారు, మరో ఏడు పంతులమ్మ చెప్పింది. పిల్లల మార్కుల్లో ఏమి తేడా వచ్చింది? ఊరు మంచిది గనుక, తల్లిదండ్రులు కలిగినవారు గనుక అనే సాకులకు ఇటువంటి పోలికలో చోటు తక్కువ.

తేలింది ఇది. ఒకటో తరగతిలో చేరిన ఆడపిల్ల పై తరగతులకు పోయేకొద్దీ మగపిల్లల కంటె కొద్ది కొద్దిగా వెనకబడుతున్నది. లెక్కల్లో ఈ జారుడు ఎక్కువ, భాషలో తక్కువ. అయ్యవారు మగపిల్లలకు, పంతులమ్మ ఆడపిల్లలకు కాస్త బాగా చెప్పగలుగుతున్నారు. పంతులమ్మ చెప్పిన ఏడు ఆడపిల్లల మార్కులు పెరిగాయి, మగపిల్లల మార్కులేమీ తరగలేదు. అంటే ఒకరి కంచంలోది తీసి మరొకరికి వడ్డించడం కాదు. పై తరగతులకు పోయేకొద్దీ మగ టీచర్లు తగిలే అవకాశం ఎక్కువ గనుక, ఆడపిల్లల జారుడులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా దానివల్లనే జరుగుతున్నదని వారి అంచనా.

ఏడాది లెక్కన చూస్తే తేడా పెద్దదేమీ కాదు. పత్రం రాసినవారు కూడా అతిశయోక్తి చేయలేదు. కాని అయిదేళ్ళు వరసగా కొద్ది కొద్దిగా వెనకబడిన పిల్ల ఆరో తరగతిలో భిన్నాల దగ్గర కూలబడుతుంది. అక్కడి నుంచి లెక్కలంటే భయం. ఎనిమిదికి వచ్చేసరికి ‘మా పిల్లకు చదువు ఎక్కదు’ అని ఇంట్లో వారే తీర్మానం చేసేస్తారు. ఆ తర్వాత ఏమి జరుగుతుందో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ పత్రంలో మరొక విశేషం వున్నది. పంతులమ్మ వున్నందువల్ల ఆడపిల్లలు బడికి వచ్చే రోజులేమీ పెరగలేదట. హాజరు అంతే, చదువు మాత్రం పెరిగింది. అంటే మార్పు గుమ్మం దగ్గర జరగలేదు, గదిలోపల జరిగింది. పిల్ల వచ్చి కూర్చునే వున్నది. ఒకరి ముందు నోరు విప్పింది, మరొకరి ముందు విప్పలేదు. హాజరు శాతం చూసుకుని సంతృప్తి పడే అధికారులు ఈ ఒక్క ముక్క చదివినా చాలు.

ఇందులో మగ అయ్యవార్లను నిందించవలసినది లేదు. తీరంలో ఎందరో ఇళ్ళలో మొదటిసారి అక్షరం పెట్టించినది వారే. నలభై మంది పిల్లలకు ఇద్దరే టీచర్లు, అయిదు తరగతులు వున్నచోట ఎవరయినా ముందు గట్టిగా జవాబు చెప్పే పిల్లవాని వైపే చూస్తారు. వెనక వరసలో తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చున్న ఆడపిల్ల చేయి ఎత్తదు. ఎత్తకపోతే ఎందుకు ఎత్తలేదని అడిగే తీరిక వుండదు. తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకోవడం అనేది మాటవరసకు అన్నది కాదు. తెల్లవారకముందే తల్లి చేపల గంపతో ఊరు దాటిపోతే ఇంటికి పెద్దదిక్కు ఆ పదేళ్ళ పిల్లే. అంగన్‌వాడీ తలుపు తీసిన తర్వాత గాని దాని చేతులు ఖాళీ కావు. బడి గంట ఆ లోపలే మోగుతుంది.

బస్సు ఎన్ని గంటలకు?

సరే, పంతులమ్మలను వేస్తే పోయె గదా అనవచ్చు. ఉద్యోగాల్లో ఆడవారికి మూడో వంతు రిజర్వేషన్ ఏనాటి నుంచో వున్నది. 2025లో ఒకేసారి 16,347 టీచరు పోస్టులకు డీఎస్సీ ప్రకటన వచ్చింది. చదువుకున్న ఆడపిల్లలకు ఈ జిల్లాలో కొదవ లేదు. తిరుపతిలో ఆడవారి కోసమే 1983లో విశ్వవిద్యాలయం పెట్టారు. నెల్లూరుకే 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. మరి ఇబ్బంది ఎక్కడ?

ఇబ్బంది దారిలో వున్నది. నెల్లూరు తీరం కావలి మొదలు పులికాట్ సరస్సు దాకా 160 కిలోమీటర్లకు పైబడినది. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, తడ వైపు తిరుపతి జిల్లాకు పోయింది గాని సముద్రం ఒకటే, సమస్యా ఒకటే. సముద్రానికి కొంచెం లోపలగా బకింగ్‌హాం కాలువ పారుతున్నది. కాలువకు పడమట పైరు పొలాలు, రోడ్లు, సెంటర్లు. తూర్పున ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు, వాటి నడుమ పల్లెపాళేలు. ఊరు సెంటరులో వుంటే బడికి అందరూ వస్తామంటారు. కాలువ దాటి రమ్మంటే మొహం చాటేస్తారు.

వారిని అనడానికీ లేదు. నెల్లూరులోనో, కోవూరులోనో, గూడూరులోనో కాపురం. ఇంట్లో వంట ముగించి, పిల్లలను బడికి పంపి, బస్సు పట్టుకుని మండల కేంద్రంలో దిగాలి. అక్కడి నుంచి షేరు ఆటో. ఆటో నిండితే గాని కదలదు. వానాకాలం వస్తే, అంటే మనకు అక్టోబరు, నవంబరు నెలలు, వాయుగుండం కబురు వచ్చిన ప్రతిసారీ ఆ ఆటో కూడా వుండదు. సాయంత్రం చీకటి పడకముందే కాలువ దాటాలి. ఈ అవస్థ పడే ఆడ ఉద్యోగి బదిలీల కోసం ఎదురుచూడటంలో తప్పేమున్నది? దూరపు ఊళ్ళలో పనిచేసినవారికి బదిలీల్లో ఎక్కువ పాయింట్లు వేసే పద్ధతి వున్నది. న్యాయమే. కాని ఊరివారి వైపు నుంచి చూస్తే, మా ఊరికి వచ్చినందుకు ఇచ్చే బహుమానం మా ఊరు వదిలిపోయే హక్కు అన్నమాట. టీచరమ్మకు పిల్లల పేర్లు, వారి ఇళ్ళ సంగతులు తెలిసి వచ్చేసరికి పాయింట్లు కూడతాయి, పెట్టె సర్దుకుంటారు. మళ్ళీ కొత్త టీచరు, మళ్ళీ మొదటికి.

2003లో దేశమంతటా బడులకు ముందు చెప్పకుండా వెళ్ళి చూసిన ఒక సర్వేలో ప్రతి నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరని తేలింది. దానిలోనూ మురళీధరన్ పాలుపంచుకున్నారు. అప్పటి నుంచి వేలిముద్రలు, ఫోనులో ఫొటోలు అంటూ హాజరుకు ఎన్నో కట్టుదిట్టాలు వచ్చాయి. ఫోనులో ఫొటో సకాలంలో పడవలసిందే అన్నారు సరే. సకాలంలో బస్సు పడవలసిందే అని ఎవరూ అనలేదు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో ఆడవారికి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేకుండా ప్రయాణం కల్పించారు. మంచిదే. పంతులమ్మలకు, కాలేజీకి పోయే ఆడపిల్లలకు నెల ఖర్చు తగ్గింది. టిక్కెట్టు లేదు సరే, బస్సేది అనేది కాలువకు తూర్పున వున్నవారి ప్రశ్న. బస్సు వెళ్ళే ఊరికి చార్జీ లేదు. వెళ్ళని ఊరికి ఆటోవాడు ఎప్పటి చార్జీయే తీసుకుంటాడు.

పొట్లపూడి కోడలు చేసిన పని

ఆడపిల్లకు ఆడవారే చెప్పాలన్న ఆలోచన కాలిఫోర్నియా నుంచి దిగుమతి అయినది కాదు. ఇదే జిల్లాలో నూరేళ్ళ కిందట ఒకామె ఆ పని చేసి చూపించారు. పొణకా కనకమ్మ 1892లో మినగల్లులో పుట్టి, చిన్నతనంలోనే పొట్లపూడి కోడలయ్యారు. బడి చదువు లేదు. ఇంట్లోనే తనంత తాను చదువుకున్నారు, పద్యాలు రాశారు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు పోయారు. 1921లో గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమానికి స్థలం సమకూర్చినదీ ఆమే. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం నెలకొల్పారు. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆడపిల్లను గడప దాటించడమే గగనమైన కాలంలో తల్లిదండ్రులు తమ పిల్లలను అక్కడికి పంపారంటే, అక్కడ వున్నది ఎవరు అని చూసుకుని పంపారు. ఆమె పోయినది 1963లో. ఆ నమ్మకం పట్నంలో పాదుకున్నంతగా పల్లెపాళేలకు పాకలేదు.

నూరేళ్ళు దూరమనుకుంటే 1991, 92 సంవత్సరాలు అందరికీ గుర్తే. అక్షరదీపం పేరుతో జిల్లా అంతటా రాత్రిబడులు నడిచాయి. పగలంతా కూలికి పోయివచ్చిన ఆడవారు లాంతరు కింద పలకలు పట్టుకున్నారు. వాచకంలో సారా వల్ల కూలిన ఇంటి కథ పాఠంగా వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోటి ఆడవారు ఆ పాఠాన్ని పాఠంగా వదిలిపెట్టలేదు. సారా దుకాణం మూయించారు. అక్కడ పుట్టిన సారా వ్యతిరేకోద్యమం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. హైదరాబాదులోని అన్వేషి స్త్రీల అధ్యయన కేంద్రం వారు 1993లోనే ఈ ఉద్యమం మీద పరిశోధన వ్యాసం ప్రకటించారు. రాజకీయం అనే మాటకే నెల్లూరు పల్లె ఆడవారు అర్థం మార్చారన్నది దాని సారాంశం.

ఉద్యమం కథ అందరూ చెప్పుకుంటారు. బడి కథ మరిచిపోతారు. ఆ రాత్రిబడిలో ఏమున్నది? భవనం లేదు, బల్లలు లేవు. ఆడవారి మధ్య ఆడవారు కూర్చున్నారు, వారి ఇంటి సంగతే పాఠమైంది, నోరు విప్పితే నవ్వేవారు లేరు. మురళీధరన్ లెక్కల్లో తేలిన గదిలోపలి మార్పు అటువంటిదే. ఒక వయసు ఆడవారికి పనిచేసినది పదేళ్ళ పిల్లకు పనిచేయదా?

2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి రాష్ట్రంలో నూటికి 75 మంది మగవారు చదవను రాయను నేర్చినవారైతే ఆడవారు 59 మందే. దూబగుంట పాఠం రాష్ట్రానికి సారా విషయంలో ఎక్కింది గాని చదువు విషయంలో పూర్తిగా ఎక్కలేదు.

మూడు కిలోమీటర్లు

అయిదో తరగతి దాటిన తర్వాత సమస్య రంగు మారుతుంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల వుండాలి. తొమ్మిది, పది తరగతులకు ఆ చట్టం వర్తించదు. మన ఆడపిల్లలు ఎక్కువగా ఆగిపోయేది సరిగ్గా ఆ మెట్టు మీదనే.

దూరం సంగతి మీద కూడా మురళీధరన్ చేసిన మరో పరిశోధన వున్నది. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ప్రతి ఆడపిల్లకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చింది. నిషీత్ ప్రకాశ్‌తో కలిసి ఆయన దాని ఫలితం లెక్క కట్టారు. హైస్కూలు ఈడు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగింది. ఆడ మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గింది. ఎక్కువ లాభం పొందినవారు హైస్కూలుకు మూడు కిలోమీటర్లకు పైగా దూరంలో వున్న ఊళ్ళ పిల్లలు. డబ్బు ఇచ్చినందువల్ల కాదు, దూరం తగ్గినందువల్ల చదువు పెరిగిందన్నమాట. పదిమంది పిల్లలు ఒకే రంగు సైకిళ్ళ మీద గుంపుగా పోతుంటే దారిలో ఆకతాయిల నోళ్ళు కూడా మూతబడతాయి. ఇది లెక్కలకు అందని లాభం.

మన రాష్ట్రంలో ఇందుకు విరుద్ధమైన ప్రయోగం ఒకటి జరిగింది. 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఊరి బడి నుంచి తీసి సమీపంలోని హైస్కూళ్ళలో కలిపారు. సబ్జెక్టు టీచర్లు చెబుతారు గనుక చదువు బాగుపడుతుందన్నారు. ఆలోచనలో తప్పు లేకపోవచ్చు. కాని ఎనిమిదేళ్ళ పిల్లను కాలువ దాటించి, రోడ్డు దాటించి పంపమంటే తల్లులు గుండె చిక్కబట్టుకున్నారు. మగపిల్లవాణ్ణి పంపి ఆడపిల్లను నిలిపివేసే బేరం ఇటువంటప్పుడే ఇళ్ళల్లో మొదలవుతుంది. 2025లో ఆ జీవోను రద్దు చేసి పాఠశాలల ఏర్పాటును మళ్ళీ మార్చారు. మార్చిన ప్రతిసారీ టీచర్లు చేతులు మారతారు, పిల్లలు గదులు మారతారు. ఏ కాగితం మీదా ఆడపిల్ల నడిచే దారి గీసినట్టు కనపడదు.

ఇక మరుగుదొడ్ల సంగతి. ఆడపిల్లలకు వేరుగా వుండాలని విద్యాహక్కు చట్టమే చెబుతున్నది. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనుల మొదటి విడతలో రాష్ట్రంలో 15,715 పాఠశాలలను తీసుకుని మరుగుదొడ్లు, మంచినీరు, ప్రహరీలు కట్టించారు. కట్టినవి కట్టినట్టు వుండాలంటే నీరు వుండాలి. తీరంలో బోరు వేస్తే వచ్చేది చాలాచోట్ల ఉప్పునీరు. కొళాయిలు తుప్పుపడతాయి, మోటార్లు చెడతాయి. బాగుచేయించమని అడగవలసినవారు ఎవరు? పన్నెండేళ్ళ పిల్ల మగ అయ్యవారి దగ్గరకు పోయి చెప్పదు. నెలకు మూడు నాలుగు రోజులు మానేస్తుంది. పట్టీలో ‘జ్వరం’ అని పడుతుంది. బడిలో ఒక్క పంతులమ్మ వున్నా ఆ జ్వరం పేరు ఏమిటో తెలుస్తుంది.

జూన్ రెండో వారం

ఆడపిల్లల మాట చెప్పి మగపిల్లలను వదిలేస్తే అన్యాయం. వేసవి సెలవుల తర్వాత మన రాష్ట్రంలో బడులు తెరిచేది మామూలుగా జూన్ 12న. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడండి. బడి తెరిచిన రెండు రోజులకే సముద్రం తెరుచుకుంటుంది. రెండు నెలలు రాబడి లేక అప్పులు తెచ్చిన ఇంట్లో, వలలు బాగుచేసుకుని పడవ ఎక్కే హడావిడిలో, తొమ్మిదో తరగతి పుస్తకాలు తెచ్చుకోవలసిన కుర్రవాడు తండ్రికి చేయిసాయంగా కనిపిస్తాడు. మొదటివారం పోయి వస్తాడు. చేతిలో నాలుగు రూపాయలు పడతాయి. ఇక బడి బల్ల ఇరుకై పోతుంది. ఆడపిల్ల చదువు ఇంటిపని తింటుంటే మగపిల్లవాని చదువు పడవ తింటున్నది. ఆ రెండు వారాలు బడి వారు ఊళ్ళో కాపులవద్ద కూర్చుని పిల్లవాణ్ణి నిలిపేందుకు ప్రత్యేకంగా పనిచేయాలని ఏ సర్క్యులరూ రాలేదు. పాళెంలో కాపు మాట అంటే మాటే. అడిగి చూడవలసింది.

యానాదుల సంగతి ఇంకా కష్టం. రాష్ట్రంలో ఈ గిరిజనులు ఎక్కువగా వున్నది నెల్లూరు ప్రాంతంలోనే. శ్రీహరికోట దీవి అడవుల్లో తరతరాలుగా వున్నవారు రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు చోటు మారారు. ఒకనాడు వీరిలో కొందరిని నేరస్థ జాతుల చట్టం కింద చేర్చి పోలీసు హాజరు వేయించారు. ఆ మచ్చ తుడవడానికి నెల్లూరు వాసి వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా పాటుపడి, వారి మీద 1962లో పెద్ద పుస్తకమే రాశారు. చట్టం 1952లో పోయింది. పోలీసు హాజరు పోయిన వారి పిల్లలకు బడి హాజరు మాత్రం ఇంకా సరిగా పడలేదు.

కారణం సోమరితనం అనుకునేవారు ఒకసారి రొయ్యల గుంటల గట్ల మీదికి పోయి చూడాలి. కాపలాకు కుదిరిన యానాది కుటుంబం పంట తీసేదాకా, అంటే మూడు నాలుగు నెలలు, గట్టు మీద గుడిసెలోనే వుంటుంది. పిల్లలూ అక్కడే. పంట తీశాక మరో గుంట, మరో ఊరు. పేరు ఒక బడిలో, పిల్ల మరో మండలంలో. తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు వుండాలి. ఆధారు వుండాలి, బ్యాంకు ఖాతా వుండాలి. ఎవరికి ఆ డబ్బు అందరికంటె ఎక్కువ అవసరమో వారే మూడు పరీక్షల్లోనూ తప్పుతున్నారు. అందరినీ కలుపుకోవడం అనే మాట ఉపన్యాసాల్లో వినడానికి బాగుంటుంది. హాజరు నిబంధన గుంట గట్టు మీది పిల్లకు, సెంటరులోని పిల్లకు ఒకే కొలత వేస్తే కలుపుకున్నట్టు కాదు, ఏరివేసినట్టు. పిల్ల ఎక్కడ వుంటే అక్కడి బడిలో పడిన హాజరును కూడా కలిపి లెక్కించడానికి ఇన్ని కంప్యూటర్లు వున్న కాలంలో అడ్డేమిటో అధికారులు చెప్పాలి. గురుకులాలు, 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు వున్నాయి గదా అనవచ్చు. వున్నాయి, మేలు చేస్తున్నాయి. ఆరేళ్ళ పిల్లను హాస్టలుకు పంపడానికి ఏ తల్లికైనా చేతులు రావు. మొదటి అయిదు తరగతులు ఊళ్ళోనే జరగాలి.

కనుక తిరిగి ఊరి బడి దగ్గరికే, పంతులమ్మ దగ్గరికే రావాలి. ఇద్దరు టీచర్లున్న ప్రతి తీరపు బడిలో ఒకరు ఆడవారు కావాలని నియమం పెట్టడం కష్టం కాదు. నియమం పెట్టి ఊరుకుంటే ఆ పోస్టు ఖాళీగా వుంటుంది, అదే ప్రమాదం. మండలానికి ఒకచోట పంతులమ్మలు, అంగన్‌వాడీ, ఆరోగ్య శాఖ ఉద్యోగినులు కలిసి వుండేందుకు నాలుగు గదుల వసతి కడితే, పెళ్ళికాని కొత్త టీచర్లయినా వారంలో అయిదు రోజులు అక్కడ నిలుస్తారు. యానాది, మత్స్యకార కుటుంబాల్లోంచి చదివి టీచర్లయిన ఆడపిల్లలు ఎవరైనా వుంటే, వారు కోరుకుంటే సొంత పాళేనికి దగ్గరలో వేయడానికి బదిలీ నిబంధనల్లో చోటు కల్పించాలి. వారికి ఊరు దూరం కాదు, శిక్షా కాదు.

అన్నిటికంటె చవకైనది బస్సు. కొత్త బస్సు కొనవలసిన పని కూడా లేదు. ఉదయం ఎనిమిదిన్నరకు సెంటరులో ఆగిపోయి, తొమ్మిదింటి దాకా డ్రైవరు టీ తాగే బస్సును కాలువ దాటించి తిప్పితే చాలు. సాయంత్రం అదే బస్సు అయిదింటికి తిరిగి వస్తే పంతులమ్మతోపాటు హైస్కూలు నుంచి ఇంటికి పోయే ఆడపిల్లలు కూడా ఎక్కుతారు. ఏ బడిలో పంతులమ్మ వున్నదీ చెప్పే పట్టిక జిల్లా విద్యాశాఖ దగ్గర వున్నది. ఏ ఊరికి ఎన్నింటికి బస్సు పోయేదీ చెప్పే పట్టిక ఆర్టీసీ డిపోల్లో వున్నది. ఆ రెండు కాగితాలను ఒకే బల్ల మీద పరచి చూడటానికి ఒక్క పూట పడుతుంది. వచ్చే జూన్ 12కు ముందు కలెక్టరు ఆ ఒక్క పూట కేటాయిస్తారా అన్నది తీరంలోని తల్లులు అడుగుతున్న మాట.